ఆఫీసు రీల్ తీయాలనుందా? మెమో రాకుండా నవ్వించే పద్ధతి

2019 జులైలో ఖమ్మం నగరపాలక సంస్థ ఉద్యోగులు కొందరు ఆఫీసు బల్లల మధ్యే టిక్‌టాక్ వీడియోలు చేశారు. సినిమా డైలాగులకు పెదవులు కలపడం, పాటలకు రెండు స్టెప్పులు వేయడం, అంతే. కానీ అవి పని వేళల్లో తీసినవి. విషయం వార్తలకు ఎక్కగానే వాళ్లను వేరే విభాగాలకు బదిలీ చేశారు, జీతంలో కోత కూడా పెట్టారు.

ఐదేళ్ల తర్వాత, 2024లో, కేరళలోని తిరువల్ల మున్సిపాలిటీ ఉద్యోగులు ఇంచుమించు అదే పని చేశారు. ఆఫీసులోనే పాట, ఆఫీసులోనే డాన్సు. రీల్ వైరల్ అయింది, మున్సిపల్ సెక్రటరీ ఎనిమిది మందికి షోకాజ్ నోటీసు ఇచ్చారు. అయితే కథ అక్కడ మలుపు తిరిగింది. వాళ్లు సెలవు రోజైన ఆదివారం అదనపు పని కోసం ఆఫీసుకు వచ్చారని, పని మధ్య విరామంలో తీసుకున్నారని, ఎవరి పనీ ఆగలేదని తేలింది. చర్య ఏమీ ఉండదని స్థానిక పరిపాలన మంత్రి ఎం.బి. రాజేష్ స్వయంగా ప్రకటించారు.

రెండు చోట్లా ఒకే రకం ఆఫీసు, ఒకే రకం స్టెప్పులు. ఖమ్మంలో అది జనం పనుల మీద వచ్చే వేళ. తిరువల్లలో కౌంటర్ అవతల ఎవరూ లేరు. నాకు అర్థమైనంతలో ఆఫీసు వీడియోల గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. ఫ్రేములో కనిపించని మనిషి ఒకరుంటారు. ఆ టైములో ఆ మనిషి దేనికోసం ఎదురు చూస్తున్నారు అని జనం అడుగుతారు. జోకు ఎంత బాగున్నా ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే మెమో వస్తుంది.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. మా టీమ్‌లో నాతో కలిపి ముగ్గురికి ఈ వీడియోల పిచ్చి. ఒకసారి నాకూ గట్టిగానే తగిలింది, ఆ సంగతి కింద చెప్తాను. ఇదంతా వీడియోలు మానేయమని చెప్పడానికి రాయలేదు. తీయండి. ఈ వరుసలో తీయండి.

అడుగు 1: ముందు మీ కుర్చీ ఎలాంటిదో చూసుకోండి

ఒకే జోకుకు ఒక కుర్చీలో లైకులొస్తాయి, ఇంకో కుర్చీలో సస్పెన్షన్ వస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగులైతే మీకు ప్రవర్తనా నియమాలున్నాయి. కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి సీసీఎస్ (సెంట్రల్ సివిల్ సర్వీసెస్) ప్రవర్తనా నియమాలు, మన రాష్ట్ర ఉద్యోగులకు అదే ఏడాది వచ్చిన ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమాలు. విభజన తర్వాత తెలంగాణకూ మూలం అవే. వాటిలో రీల్ అన్న మాట వెతికితే దొరకదు. ఉద్యోగికి తగని ప్రవర్తన అన్న మాట దొరుకుతుంది, దాంట్లో రీల్‌తో సహా ఏదైనా ఇమిడిపోతుంది. ఈమధ్య ప్రభుత్వాలు రీల్స్ మీద విడిగానే ఉత్తర్వులిస్తున్నాయి. 2023 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ పోలీసు శాఖ యూనిఫాంలో రీల్స్ చేయడాన్ని నిషేధిస్తూ సోషల్ మీడియా విధానం తెచ్చింది. 2025 జులైలో మహారాష్ట్ర తన ఉద్యోగులను సొంత ఖాతా, ఆఫీసు ఖాతా వేర్వేరుగా ఉంచుకోమంది. మీ శాఖలో అలాంటి సర్క్యులర్ ఏదైనా వచ్చిందేమో మీ సూపరింటెండెంట్‌ను అడిగితే ఐదు నిమిషాల పని.

ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు ఉద్యోగులు అందరికన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. రెగ్యులర్ ఉద్యోగికి విచారణ, వివరణ, అప్పీలు లాంటి మెట్లుంటాయి. మీ విషయంలో ఏజెన్సీకి ఒక ఫోన్ వెళ్తే చాలు, రేపటి నుంచి రానక్కర్లేదంటారు. అదే వీడియోలో పక్కన నిలబడి చేయి ఊపిన రెగ్యులర్ ఉద్యోగికి హెచ్చరికతో సరిపోవచ్చు. న్యాయం కాదు, కానీ జరిగేది అదే.

ఇక ఆసుపత్రులు. ఇక్కడ కాస్త ఆగాలి.

2019 జూన్‌లో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా ఆసుపత్రిలో నర్సులు నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో టిక్‌టాక్ తీశారు. షోకాజ్ నోటీసులొచ్చాయి, సెలవు మీద పంపేశారు. మరుసటి నెలలోనే మన గాంధీ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ శిక్షణలో ఉన్న ఇద్దరి మీద ఇలాంటి వీడియోలకే వేటు పడింది. 2024 ఫిబ్రవరిలో కర్ణాటకలోని గదగ్ వైద్య కళాశాలలో ఆసుపత్రి ఆవరణలో రీల్ చేసినందుకు 38 మంది విద్యార్థులను పది రోజులు సస్పెండ్ చేశారు. అదే నెలలో చిత్రదుర్గ జిల్లాలో ఒక కాంట్రాక్టు డాక్టర్ ప్రభుత్వ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో కాబోయే భార్యతో ప్రీవెడ్డింగ్ షూట్ పెట్టుకున్నాడు. ఉత్తుత్తి ఆపరేషన్, లైట్లు, కెమెరామెన్, బల్ల మీద పేషెంటు వేషంలో ఒకతను. ఉద్యోగం ఊడింది.

ఆ థియేటర్ మరమ్మతుల వల్ల కొన్నాళ్లుగా వాడకంలో లేదు. అంటే బయట ఏ పేషెంటూ ఎదురు చూడటం లేదు. పైన నేను చెప్పిన లెక్క ప్రకారం ఆ డాక్టర్ బయటపడాలి. పడలేదు. ఎందుకంటే ఆసుపత్రిలో గది ఖాళీగా ఉన్నా జనం కళ్లకు ఖాళీగా కనిపించదు. ఆ వీడియో చూసే ప్రతి ఒక్కరికీ అలాంటి గది బయట బెంచీ మీద కూర్చున్న ఒక రాత్రి గుర్తుంటుంది. కాబట్టి ఆసుపత్రి ఉద్యోగులకు నా సలహా ఒక్కటే. హాస్టల్ గదిలో, ఇంట్లో, మామూలు బట్టల్లో చేసుకోండి. వార్డు, థియేటర్, స్టెతస్కోపు ఏవీ వద్దు. జోకు మరీ బాగుందనిపించినా వద్దు.

ఐటీ వాళ్లకు చిక్కు వేరు. క్లయింటు కోసం విడిగా కేటాయించిన ఓడీసీ గదుల్లో చాలాచోట్ల ఫోన్ కెమెరాకు స్టిక్కర్ అంటిస్తారు, లేదా ఫోనే లాకర్‌లో పెట్టిస్తారు. అలాంటి గదిలో తీసిన వీడియోలో ఏమున్నా లేకపోయినా, తీయడమే తప్పు. బ్యాంకు వాళ్ల పరిస్థితీ ఇంతే, కౌంటర్ మీద ఎవరిదో ఒకరి పాస్‌బుక్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

హోటళ్లు, బేకరీలు, పిజ్జా షాపుల్లో తిండితో ఆటలాడొద్దు. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇద్దరు డామినోస్ ఉద్యోగులు తిండి పదార్థాలతో వెకిలి పనులు చేసి యూట్యూబ్‌లో పెట్టారు. జోకు కోసమే చేశాం, అవి కస్టమర్లకు పంపలేదు అన్నారు. ఎవరు నమ్ముతారు? ఉద్యోగాలు పోవడమే కాదు, క్రిమినల్ కేసులు కూడా నడిచాయి.

అడుగు 2: చదవండి, తర్వాత రాసి అడగండి

ఆఫర్ లెటర్‌తో పాటు సంతకాలు పెట్టించుకున్న కాగితాల కట్ట గుర్తుందా? అప్పుడు ఎవరం చదవలేదు. ఇప్పుడు తీయండి. మొత్తం చదవక్కర్లేదు. గోప్యత, సోషల్ మీడియా, ఫొటోగ్రఫీ, కంపెనీ పేరు లోగోల వాడకం, వేరే సంపాదన అన్న శీర్షికలు చూడండి. కంపెనీ ఇంట్రానెట్‌లో కొత్త పాలసీ విడిగా ఉండొచ్చు, మీ సంతకం ఉన్న పాత కాగితం కన్నా అదే చెల్లుతుందంటారు.

చదివాక మేనేజర్‌ను అడగాలి. నోటితో అడిగితే నోటితోనే "కానీయండి" అంటారు. గొడవయ్యాక ఆ మాట ఎవరికీ గుర్తుండదు. అందుకని నాలుగు ముక్కలు రాసి పంపండి. నేను వాడేది ఇదీ:

"నమస్తే. ఈ శనివారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో మేం నలుగురం ఒక నిమిషం సరదా వీడియో తీయాలనుకుంటున్నాం. విషయం సోమవారం ఉదయం మీటింగు. కంపెనీ పేరు, లోగో, ఐడీ కార్డులు, కంప్యూటర్ స్క్రీన్లు కనిపించవు. పోస్ట్ చేసే ముందు మీకు చూపిస్తాం. అభ్యంతరం ఉంటే చెప్పగలరు."

ఇందులో ముఖ్యమైన మాట "చూపిస్తాం". చూశాక ఆయన కూడా ఆ వీడియోలో కొంత భాగస్వామే అవుతాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు గనక శ్రద్ధగా చూస్తాడు. మీకు కనబడనిది ఒకటైనా పట్టుకుంటాడు.

జవాబు రాకపోతే? మౌనం అంగీకారం కాదు. ఇంకోసారి అడగండి. రెండోసారీ రాకపోతే ఆఫీసులో కాకుండా బయట తీసుకోండి.

అడుగు 3: నవ్వు ఎవరి మీద పడుతోందో చూడండి

పెద్దవాళ్లు నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు. ఆఫీసు వీడియోలో మాత్రం చేటు ఎక్కువగా ఒకే దారిన వస్తుంది. మన సేవ కోసం వచ్చిన మనిషి మీద నవ్వినప్పుడు.

2022 డిసెంబర్‌లో అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ ఆసుపత్రి ప్రసూతి విభాగం నర్సులు ఒక ట్రెండ్‌ను పట్టుకున్నారు. పేషెంట్లు, వాళ్ల బంధువులు చేసే ఏ పని చిరాకు తెప్పిస్తుందో ఒక్కొక్కరూ కెమెరా ముందుకొచ్చి చెప్పాలి. పుట్టిన బిడ్డ ఇంకా చేతుల్లో ఉండగానే బరువెంత అని అడగడం లాంటివి. నిజానికి అలాంటి మాటలు ప్రతి ఆసుపత్రి స్టాఫ్ రూములోనూ టీ తాగుతూ చెప్పుకునేవే, అందులో పెద్ద దుర్మార్గం లేదు. కానీ కాన్పు కోసం అదే ఆసుపత్రిలో పేరు నమోదు చేయించుకున్న ఆడవాళ్లు ఆ వీడియో చూశారనుకోండి, రేపు నా గురించీ ఇలాగే అనుకుంటారా అని దిగులుపడరా? నలుగురి ఉద్యోగాలు పోయాయి.

కాబట్టి స్క్రిప్టు రాసుకున్నాక అందులో నవ్వులపాలయ్యేది ఎవరని ఒక్క మాటలో రాసుకోండి. పేషెంటు, కస్టమర్, క్లయింటు, అర్జీ పట్టుకుని వచ్చినవాళ్లు అని వస్తే ఆ కాగితం చించేయండి. మీకన్నా తక్కువ జీతమున్న మనిషి అని వచ్చినా చించేయండి.

మేనేజర్ అని వస్తే? ఇది తమాషా అయిన చోటు. మేనేజర్ల జాతి మీద జోకు చెల్లుతుంది. మీ మేనేజర్ ఊతపదం, ఆయన కళ్లజోడు సర్దుకునే తీరు, ఆయన వాడే కారు రంగు కలిపితే అది జోకు దాటి ఫిర్యాదు అవుతుంది. ఆయన నవ్వి ఊరుకున్నా ఆయన మేనేజర్ నవ్వకపోవచ్చు. మనిషిని గుర్తుపట్టేలా పరువు తీస్తే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసుకూ వీలుంది. అంతదాకా సాధారణంగా పోదు, కానీ లాయర్ నోటీసు పంపడానికి ఆ వీలు చాలు.

యాసల జోకులు కూడా చూసుకోండి. నల్గొండ యాసో, శ్రీకాకుళం యాసో పెట్టి అమాయకుడి వేషం కట్టడం మన దగ్గర పాత అలవాటు. సొంత యాసలో మీ మీద మీరే వేసుకుంటే బాగుంటుంది. పక్కవాడి యాస ఎత్తుకుంటే కామెంట్లలో రెండు రాష్ట్రాల పంచాయితీ పెట్టుకున్నట్టే.

ఎవరికీ నొప్పి తగలని సరుకు ఆఫీసులో బోలెడంత ఉంది. వేలిముద్ర పట్టని హాజరు యంత్రం. ఒకడికి చలి, ఒకడికి ఉక్క అయ్యే ఏసీ. "వినిపిస్తోందా, వినిపిస్తోందా" అని పది నిమిషాలు సాగే కాల్. ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు డబ్బా మాయమవడం. మా వీడియోల్లో ఎక్కువ మంది చూసింది లిఫ్టు గురించి తీసింది, దాంట్లో మాట్లాడేవాళ్లే లేరు.

అడుగు 4: వేళ, చోటు

పని గంటల్లో వద్దు. లంచ్ టైములో తీసినా, చూసేవాళ్లకు అది లంచ్ టైమని తెలియదు. వెనక గోడ గడియారంలో పదకొండు కనిపిస్తే ఆగిపోయిన గడియారమని మీరు ఎందరికి చెప్తారు? షిఫ్టు అయిపోయాక, సెలవు రోజున, క్యాంటీన్‌లోనో, పార్కింగ్‌లోనో, ఇంకా మంచిది ఎవరింట్లోనో తీయండి. ఇంట్లో ఒక బల్ల, ల్యాప్‌టాప్, కుర్చీ పెడితే ఆఫీసే. చాలామంది యూట్యూబ్ కుర్రాళ్లు చేసేదీ అదే.

జనం వచ్చే ఆఫీసయితే తేదీ, వేళ ఎక్కడో ఒకచోట రాసి ఉంచుకోండి. తిరువల్ల వాళ్లను కాపాడింది ఆదివారమే.

అడుగు 5: ఫ్రేము తుడవండి

నాకు తగిలింది ఇక్కడే.

అది మా మూడో వీడియో. శుక్రవారం సాయంత్రం ఆరున్నర, ఫ్లోరు సగం ఖాళీ. స్క్రిప్టు చిన్నది. మావాడు బ్యాగు భుజాన వేసుకుని లేస్తాడు, మేనేజర్ వేషంలో నేను వచ్చి "చిన్న పనే, ఐదు నిమిషాలు" అంటాను, వాడు బ్యాగు దించుతాడు, కిటికీలో తెల్లారుతుంది. బాగా వచ్చింది. ఇంటికెళ్తూ క్యాబ్‌లోనే స్టోరీ పెట్టేశాను. గచ్చిబౌలి దాటకముందే టెస్టింగ్ టీమ్ అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, పదకొండో సెకను దగ్గర ఆపి చూడండి."

"ఏముంది?"

"మీ భుజం వెనక బోర్డు."

ఆపి చూశాను. తెల్లబోర్డు మీద ఆకుపచ్చ మార్కర్‌తో మా క్లయింటు పేరు, దాని కింద కొత్త వెర్షన్ విడుదల తేదీ, ఆ తేదీ చుట్టూ రెండు గీతల సున్నా. ఆ సున్నా చుట్టింది కూడా నేనే, ఆ రోజు ఉదయం మీటింగులో.

తీసేసేసరికి నలభై నిమిషాలయింది. సోమవారం సెక్యూరిటీ టీమ్ నుంచి పిలుపొచ్చింది. ఆ నలభై నిమిషాలకు నేను రాసిన వివరణ రెండు పేజీలు. ఉద్యోగం పోలేదు, కానీ ఆ ఏడాది అప్రైజల్ మీటింగులో ఆ బోర్డు ఇంకోసారి మా మధ్యకు వచ్చింది.

అప్పటినుంచి షూటింగ్‌కు ముందు ఒకరు కెమెరా చోట నిలబడి, నటులు లేకుండా ఖాళీ ఫ్రేమును ముప్ఫై సెకన్లు తీస్తాం. దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూస్తాం. వెతికేవి ఇవి:

- బోర్డులు, గోడకు అంటించిన చీటీలు, క్యాలెండర్ మీద రాతలు
- తెరిచి ఉన్న స్క్రీన్లు, వాటి ప్రతిబింబం పడే గాజు తలుపులు
- మెడలో ట్యాగులు, బల్ల మీద ఫైళ్లు, కొరియర్ కవర్ల మీద చిరునామాలు
- వెనక నడిచే మనుషులు

గాజు తలుపులు మోసం చేస్తాయి. రాత్రిపూట లోపల లైటుంటే అవి అద్దాలే. తర్వాత చెవులు పెట్టి వినండి. పక్క క్యూబికల్‌లో ఎవరో క్లయింటుతో మాట్లాడుతుంటే ఆ మాటలు మీ డైలాగు కన్నా స్పష్టంగా రికార్డవుతాయి. అందుకే మేం అసలు శబ్దం తీసేసి విడిగా డబ్బింగ్ చెప్తాం.

కంటికి కనిపించనిది ఇంకొకటుంది. 2012లో అమెరికాలోని ఒహాయోలో ఒక బర్గర్ కింగ్ ఉద్యోగి బూట్లతో లెట్యూస్ ఆకుల డబ్బాల్లో నిలబడి ఫొటో తీసి ఒక వెబ్‌సైట్‌లో పెట్టాడు, పేరు లేకుండా. ఫొటో ఫైలులోనే అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉంది. చూసినవాళ్లు నిమిషాల్లో ఏ ఊరో, ఏ షాపో పట్టేశారు. అతని ఉద్యోగం పోయింది. ఇన్‌స్టాగ్రామ్ లాంటివి పోస్ట్ చేసేటప్పుడు ఆ సమాచారాన్ని జనానికి కనబడకుండా తీసేస్తాయి. కానీ వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి, పని అయిపోతుంది.

అడుగు 6: ఫ్రేములో ఉన్న ప్రతి మనిషినీ అడగండి

టీమ్ వాట్సాప్ గ్రూపులో "అందరికీ ఓకేనా" అని అడిగితే వచ్చే బొటనవేళ్లను లెక్కలోకి తీసుకోకండి. గ్రూపులో వద్దనడం కష్టం, ముఖ్యంగా కొత్తగా చేరిన అమ్మాయిలకు, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు. విడివిడిగా మెసేజ్ పెట్టండి. వీడియో మొత్తం చూపించి, ఇది ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ కనబడేలా పెడుతున్నాను, మీకు సమ్మతమేనా అని అడగండి. ఇష్టం మారితే ఎప్పుడైనా తీసేస్తానని కూడా రాయండి, తీసేయండి.

సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ అక్క, క్యాంటీన్ అన్న మన వీడియోల్లోకి సరదాగా వచ్చేస్తుంటారు. మనం రమ్మంటే వాళ్లు కాదనరు. కాదనలేరు కూడా. మా ఫ్లోర్‌లో ఒక అక్క చీపురు పట్టుకుని చక్కగా డైలాగు చెప్పింది. పోస్ట్ చేసే ముందు మళ్లీ అడిగితే, "మా ఊళ్లో నేను ఆఫీసులో పని చేస్తాననే చెప్పిన బాబూ, చీపురు కనిపించకుండా పెడ్తవా?" అంది. ఆ షాటు తీసేశాం.

అడుగు 7: పాట, ఖాతా, డబ్బు

పాట సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యక్తిగత ఖాతాకు దొరికే సినిమా పాటలు బిజినెస్ ఖాతాకు చాలావరకు దొరకవు. కంపెనీ పేజీలో మీ వీడియో పెట్టమని హెచ్‌ఆర్ అడిగితే ముందు పాట మార్చండి, లేకపోతే ఆడియో కంపెనీ నుంచి కాపీరైట్ నోటీసు మీ కంపెనీకి వస్తుంది.

ఖాతా వివరాల్లో కంపెనీ పేరు రాయకండి. క్లోజ్ ఫ్రెండ్స్‌కే పెట్టాను కదా అన్న ధీమా వద్దు, ఎవరైనా స్క్రీన్ రికార్డ్ చేస్తే మీకు తెలియను కూడా తెలియదు.

డబ్బు రావడం మొదలైతే మాత్రం కథ మారుతుంది. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వేరే వ్యాపారం చేయకూడదని నియమాల్లో ఉంది. యూట్యూబ్ ఆదాయం, ప్రకటనల డబ్బు దానికిందికి వస్తాయని ఆఫీసు అంటే వాదించడం కష్టం, కాబట్టి మానిటైజేషన్ నొక్కకముందే అనుమతికి రాసుకోండి. ప్రైవేటులో కూడా చాలా ఆఫర్ లెటర్లలో వేరే సంపాదన కూడదని ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే పనిచేయాలి. అక్కడ కూర్చుని వీడియోలు తీసి డబ్బు తీసుకుంటే అనుమతి లేని ఉద్యోగంగా లెక్కకట్టే ప్రమాదముంది. మొదటి డాలర్ రాకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి. ఇక వీడియో వల్ల ఉద్యోగం పోతే, ఆ తర్వాత దేశంలో ఉండటానికి మామూలుగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. హైదరాబాద్‌లో అదే జరిగితే ఇంకో ఇంటర్వ్యూకు వెళ్తాం. అక్కడ పిల్లల బడి, అద్దె ఇల్లు, కారు అప్పు అన్నీ ఆ 60 రోజుల్లో ఇరుక్కుంటాయి. అమెరికాలో 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం ప్రైవేటు ఉద్యోగులు జీతాల గురించి, పని పరిస్థితుల గురించి తమలో తాము మాట్లాడుకోవడానికి కొంత రక్షణ ఇస్తుంది. కస్టమర్ల మీద వేసే జోకును అది కాపాడదు.

అడుగు 8: ఒక రాత్రి ఆగండి

డ్రాఫ్ట్‌లో పెట్టి పడుకోండి. పొద్దున లేచి శబ్దం లేకుండా ఒకసారి, బొమ్మ చూడకుండా ఒకసారి ప్లే చేయండి. తర్వాత మీ టీమ్‌లో లేని ఒకరికి, వీలైతే మీ ఆఫీసుతో సంబంధమే లేని మీ అమ్మకో, బాబాయికో చూపించండి. మా అమ్మ ఒక వీడియో చూసి, "అందరూ ఇట్లా ఆడుతుంటే పని ఎవరు చేస్తున్నార్రా?" అంది. కామెంట్లలో రాబోయే మొదటి ప్రశ్న అదే కదా. దానికి జవాబుగా వీడియో మొదట్లోనే "శనివారం, సెలవు రోజు" అని అక్షరాలు వేశాం.

అడుగు 9: గొడవ మొదలైతే

మీరు ఎంత జాగ్రత్త పడినా ఒక్కోసారి అవుతుంది. ఎవరో దాన్ని తీసుకుని వేరే శీర్షిక పెట్టి ట్విట్టర్‌లో వేస్తారు, ముఖ్యమంత్రిని ట్యాగ్ చేస్తారు.

ముందు అసలు వీడియో, తీసిన తేదీ, అనుమతి మెయిల్, సమ్మతి మెసేజ్‌లు అన్నీ ఒక ఫోల్డర్‌లో దాచండి. ఆ తర్వాతే పోస్ట్ తీసేయండి. తీసేయడం తప్పు ఒప్పుకోవడం కాదు, మంట మీద నీళ్లు చల్లడం. పోస్ట్ పోయాక మీ దగ్గర కాపీ లేకపోతే, ఎవరో కత్తిరించిన పది సెకన్ల ముక్కే సాక్ష్యంగా మిగులుతుంది.

కామెంట్లకు జవాబివ్వకండి. టీవీ చానల్ నుంచి ఫోనొస్తే ఆఫీసును అడగమనండి. మీ మేనేజర్‌కు ఇంకెవరో చెప్పకముందే మీరే చెప్పండి, రాత్రి పదకొండయినా సరే. టెన్షన్‌లో క్షమాపణ వీడియో మాత్రం చేయకండి. ఏడుస్తూ చేసిన క్షమాపణ వీడియో అసలు దానికన్నా ఎక్కువ తిరుగుతుంది.

మెమో వస్తే అందులో ఆరోపణ ఏమిటో, గడువెంతో చూడండి. గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఎక్కువ సమయం కావాలంటే అదీ గడువులోగానే అడగాలి. జవాబు కథలా రాయకండి. ఇలా ఉంటే చాలు:

"సదరు వీడియో ఫలానా తేదీ, ఆదివారం మధ్యాహ్నం, విరామ సమయంలో తీసినది. ఆ సమయంలో కార్యాలయానికి పని మీద వచ్చినవారెవరూ లేరు. కార్యాలయ పత్రాలేవీ అందులో కనిపించవు. సంస్థకు చెడ్డపేరు తేవాలన్న ఉద్దేశం నాకు లేదు. ఇబ్బంది కలిగినందుకు విచారిస్తున్నాను, పోస్టును ఫలానా తేదీన తొలగించాను. ఆధారాలు జతచేస్తున్నాను."

ఇందులో నిజం కాని వాక్యం ఏదైనా ఉంటే ఆ వాక్యం తీసేయండి. సీసీ కెమెరా ఫుటేజీ వాళ్ల దగ్గరుంటుంది. ఇతరుల పేర్లు ఇరికించకండి, వాళ్ల మెమోలు వాళ్లకు విడిగా వస్తాయి.

రాష్ట్ర ప్రభుత్వ రెగ్యులర్ ఉద్యోగి సస్పెండయితే కంగారు పడకండి. 1991 నాటి సీసీఏ నియమాల (ఉద్యోగుల మీద క్రమశిక్షణ చర్యలు, అప్పీళ్ల నియమాల) ప్రకారం సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ తేలేదాకా దూరంగా ఉంచడం. ఈలోగా జీవనభృతి వస్తుంది, మొదట్లో అర్ధవేతన సెలవులో వచ్చే జీతంతో సమానంగా. మీ సంఘం వాళ్లను కలవండి, ఇలాంటి ఫైళ్లు చూసినవాళ్లు అక్కడుంటారు. ప్రైవేటులో రాజీనామా చేయమని ఒత్తిడి వస్తే అక్కడికక్కడ సంతకం పెట్టకండి. ఒక రోజు అడగండి. రిలీవింగ్ లెటర్‌లో ఏం రాస్తారో తేల్చుకున్నాకే పెట్టండి, తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అడిగేది దాన్నే.

అడుగు 10: మీరు ఆఫీసరో, మేనేజరో అయితే

నోటీసు మీద సంతకం పెట్టేముందు ఆ వీడియో పూర్తిగా, మీరే, ఒక్కరే చూడండి. ఎవరి పనైనా ఆగిందా, ఎవరి రహస్యమైనా బయటపడిందా, ఎవరికైనా అవమానమా? మూడింటికీ లేదని వస్తే పిలిచి ఒక మాట చెబితే సరిపోతుంది. తిరువల్లలో ఊళ్లో వాళ్లు చూసి వదిలేయాల్సిన రీల్‌ను దేశమంతా చూసేలా చేసింది ఆ నోటీసే. తిండి, పేషెంట్లు, పిల్లలు ఉన్న వీడియో అయితే మాత్రం ఆగొద్దు. 2009లో డామినోస్ కంపెనీ మొదట దానంతటదే సద్దుమణుగుతుందని చూసింది. ఈలోగా పది లక్షల మంది ఆ వీడియో చూసేశారు. చివరికి అమెరికా విభాగం అధ్యక్షుడు అదే యూట్యూబ్‌లో క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక పాలసీ రాస్తే ఒక పేజీలో, తెలుగులో రాయండి. ఏం చేయకూడదో చెప్పాక ఏం చేయొచ్చో కూడా రెండు లైన్లు రాయండి. క్యాంటీన్‌లో తీసుకోవచ్చు అని ఒక్క వాక్యం ఉంటే సగం మంది ఫ్లోర్‌లో తీయడం మానేస్తారు.

మేం ఇప్పటికీ తీస్తున్నాం. మొన్న శనివారం పార్కింగ్‌లో నాలుగోసారి ఆ "చిన్న పనే" స్క్రిప్టు మళ్లీ తీశాం. వెనక సిమెంటు గోడ తప్ప ఏమీ లేదు. అయినా టెస్టింగ్ అమ్మాయి పై ఫ్లోర్ నుంచి డస్టర్ పట్టుకొచ్చి, ఆ గోడను ఒకసారి తుడిచి, "ఇప్పుడు కానీయండన్నా" అంది.